ఈ వారం వంతు

వారాసిగూడలో పిండి గిర్నీ మీది గది.
కింద జొన్నలు పట్టేటప్పుడు
మా నల్లబల్ల కూడా సన్నగా వణుకుతుంది.
మంగళవారం, శుక్రవారం, పొద్దున పదింటికి బడి.
తాళంచెవి నా దగ్గర. సుద్దముక్కలూ నా దగ్గరే.
ముప్ఫై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో
ఒకరి గొంతును మరొకరికి కలిపిన దాన్ని కనుక
ఈ పనికి నేనే తగినదాన్నన్నారు.
పొగడ్త అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

మాకు మేష్టార్లు లేరు.
ఈ వారం బల్ల దగ్గర నిలబడ్డవాళ్ళు
వచ్చే వారం వెనక కుర్చీలో కూర్చుని నోట్సు రాసుకుంటారు.
ఎవరి వంతు వాళ్ళదే, తప్పించుకోవడం లేదు.
అదొక్కటే రూలు.
రెండోది ఫ్యాను మూడు దాటకూడదని.
దాని మీద ఇప్పటికి నాలుగు సమావేశాలయ్యాయి.

రబియా ఆపా అలిఫ్ నుంచి మొదలుపెట్టింది.
ఆ బోర్డుల కిందే నలభై ఏళ్ళు నడిచినవాళ్ళం
ఒకనాడు చిలకలగూడ చౌరస్తాలో నిలబడి
ద... వా... ఖా... నా... అని కూడబలుక్కుని చదివితే
సైకిలు పిల్లాడొకడు దిగి మరీ నవ్వాడు.
ఆడిట్ ఆఫీసు శేషతల్పశాయి గారికి
కుడి నుంచి ఎడమకు రాస్తుంటే
ఇప్పటికీ ఎక్కడో లెక్క తప్పినట్టే ఉంటుందట.
సిస్టర్ గ్లోరీ గుండె బొమ్మ గీసి
నాలుగు గదులూ చూపించి
"అద్దెకు దొరకవు" అంది.

వంతు బుచ్చిలింగం దగ్గరికొచ్చి మూడుసార్లు ఆగింది.
మొదటిసారి మోకాలు.
రెండోసారి బావమరిది ఇంట్లో ఫంక్షను.
మూడోసారి నిజం:
"నాకేమొస్తది మేడం?
జలమండలిల నల్లా నీళ్ళు ఇడిసెటోన్ని.
వాల్వు తిప్పుడు తప్ప ఏం నేర్వలే.
నా పేరు కొట్టెయ్యుండ్రి."
పెన్ను తీశాను కూడా.
ఒక పేరు కొట్టేస్తే పట్టిక ఎంత చక్కగా కుదురుతుందో
పట్టిక రాసేవాళ్ళకే తెలుస్తుంది.

ఏమనుకున్నాడో, శుక్రవారం
ఇనుప కడ్డీ భుజాన వేసుకుని వచ్చాడు.
మనిషెత్తు ఉంది. ఒక కొస చెవికి ఒరిసి ఒరిసి నున్నబడింది.
"పాఠం ఈడ కాదు, కిందికి రాండ్రి."
పదకొండు మందిమి మెట్లు దిగేసరికి పావుగంట.
గిర్నీ ఆపమని బతిమాలాడు. ఆపారు.
కడ్డీ రోడ్డుకు ఆనించి, చెవి పెట్టి, కళ్ళు మూశాడు.
"ఊరంత పండుకున్నంక, రాత్రి రెండింటికి ఇనేది.
మంచిగున్న పైపుల నీళ్ళు సప్పుడు చెయ్యయి.
పలిగిన కాడనే గుసగుస పెడ్తయి.
గుసగుస ఏడుంటే ఆడ తవ్వాలె."

శాయి గారు టక్ సరిచేసుకుని వంగారు.
ఏమీ వినబడలేదు. ఒక చెవికి మిషను, రెండోది అదీ లేదు.
"మిషను తియ్యి సారు. చెవెనుక బొక్కకు ఆనించు."
ఆయన వేలు పెట్టి వెతుక్కున్నారు.
రాజమండ్రిలో బొక్క అంటే కన్నం మరి.
"కన్నం కాదు సారు, ఎముక!"
అని రబియా ఆపా తర్జుమా చేసింది.
కడ్డీ ఎముకకు తగిలింది.
శాయి గారు చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నారు.
మేము ఎప్పుడో ఊరుకున్నాం.
ఆయన మాత్రం చాలాసేపు లేవలేదు.

నా వంతు వచ్చింది. చెవికి ఇనుము చల్లగా తగిలింది.
అవతల ఎవరో రిసీవరు ఎత్తి
ఇంకా మాట మొదలుపెట్టనప్పటి హోరు.
ఆ హోరు నాకు తెలుసు.
రాత్రి డ్యూటీల్లో దానితోనే మేలుకునేదాన్ని.

బుచ్చిలింగం నా చేతిలో సుద్దముక్క తీసుకుని
గిర్నీ గడపకు రెండడుగుల అవతల
రోడ్డు మీద ఇంటూ మార్కు వేశాడు.
ఫిర్యాదు శాయి గారు రాశారు, మూడు ప్రతులు.
ఇంకా ఎవరూ తవ్వలేదు.

ఈ వారం బుచ్చిలింగం వెనక కుర్చీలో ఉన్నాడు.
పాఠం మధ్యలో లేచి
ఫ్యాను నాలుగు మీద పెట్టాల్సిందే అన్నాడు.
ఐదో సమావేశానికి
నోటీసు రాస్తున్నాను.