కొమ్ముకి మోకాళ్లు లేవు

పర్లాకిమిడిలో రాత్రి పదకొండు.
కొమ్ము దువ్వెనల పొడి ఒంటి మీంచి కడుక్కుని
ఫోను తెరుస్తాను.
నా జట్టు పేరు మహేంద్రతనయ.
పదకొండు మంది. ఒక్కడూ ఈ భూమ్మీద లేడు.

మొదటి సీజనులో అందరిలాగే
తయారైన వాళ్లనే కొన్నాను.
ఇరవయ్యెనిమిదేళ్ల ఫార్వర్డు, పేరుమోసిన కాలు.
మూడు నెలలు గోల్సు కొట్టాడు.
ఆ తర్వాత సోమవారం సోమవారం
ఒక్కో అంకె రాలింది, పాతగోడ సున్నంలా.
జీతం మాత్రం రాల్లేదు.

అప్పట్నుంచి నా బేరమంతా పదిహేడేళ్ల వాళ్లతోనే.
ఆటలో పన్నెండు వారాలకి ఒక ఏడు.
గురువారం శిక్షణ.
ఒక్కోసారి ఒక చుక్క పెరుగుతుంది,
ఎక్కువసార్లు పెరగదు.
ముందు ఊపిరి, తర్వాత పాసు,
షాటు అన్నిటికన్నా ఆఖర్న.
షాటు ముందు నేర్పావా,
ఇరవయ్యొకటికే కుర్రాడి పేరు మోగిపోతుంది,
పాతికకి డెబ్బయ్యో నిమిషంలో కూలబడతాడు.

ప్రతిభ అనే అంకెని ఆట దాచిపెడుతుంది.
చుక్కకీ చుక్కకీ మధ్య ఎన్ని వారాలో లెక్కపెట్టి
మనమే ఊహించుకోవాలి.
ఒడియా పంజిక వెనక ఖాళీ పేజీల్లో నా లెక్కలు.
చోటు చాలక ఒక్కోసారి లోపలికి వస్తాయి,
ఏకాదశి పక్కన ఎడమ బ్యాకు.

దిబాకర్ పాఢి నవ్వుతాడు.
పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే వేళ్లతోనే
ఆటగాళ్లని కొంటాడు, అమ్ముతాడు.
"ఆరె భాయ్, ఎదిగేదాకా ఎవడాగుతాడు?"
నాలుగుసార్లు లీగు కొట్టాడు.
అయిదో ఏట జీతాలు కట్టలేక
కొట్టుకొచ్చి, టీ తాగి, వానల గురించి మాట్లాడి,
లేవబోతూ ఎడమ బ్యాకుని అరువడిగాడు.
ఇచ్చాను.
ఆటలో అరువుకెళ్లినవాడు తిరిగొస్తాడు.
అదొక సుఖం.

ఇక్కడ ఒక మాట అనాలనిపిస్తుంది:
కొమ్మూ అంతే, తొందరపడి కాస్తే పగులుతుంది,
నూనె రాసి, సెగ చూపించి, మెత్తబడ్డాకే
కొంగ మెడ వంచాలి అని.
ముప్పయ్యేళ్ల పని కదా, ఊరికే నోటికొచ్చేస్తుంది.
కాదు.
కొమ్ముకి మోకాళ్లు లేవు.
కొంగ ఒకసారి కొంగయ్యాక
ముప్పైరెండో ఏట మళ్లీ కొమ్ము కాదు.

తియోదోర్ వాంచ్యురా అని ఒకడు.
పేరు యంత్రం పెట్టింది, దేశమూ యంత్రమే ఇచ్చింది.
నూట ఎనభై గురువారాలు వాడి మీద పెట్టాను.
అరవయ్యో వారానికే తెలిసిపోయింది
వాడి దాచిన అంకె చిన్నదని.
పంజిక చెప్పింది: ఇప్పుడే అమ్ము, ధరుంది.
ఆ రాత్రి బొత్తాం మీద వేలుంచి
కరెంటు పోయేదాకా కూర్చున్నాను.
పోయింది. వచ్చింది.
అమ్మలేదు.

"ఎవరా తియోదోరు? ఎవరి పిల్లాడు?"
అంది పుణ్యవతి, దోమతెర అవతల నుంచి.
నిద్దట్లో నేనేదో గొణిగానట.
ఆలస్యంగా నేర్చుకునేవాడు
ఆలస్యంగా మర్చిపోతాడు, అన్నాను.
అబద్ధం.
ఆటలో అందరూ ఒకే తీరున మర్చిపోతారు.

వాడు కప్పేమీ తేలేదు.
ఒక సెమీఫైనల్లో పోస్టుకి కొట్టాడు.
అది కూడా నేను చూడలేదు, చదివాను:
'బంతి స్తంభానికి తగిలింది.'
అంతే. ఏ స్తంభమో, ఎంత చప్పుడో
ఆ సాయంత్రమంతా నేనే కల్పించుకున్నాను,
దువ్వెన పళ్లు రెండు ఎక్కువ కోసేశాను.

నిన్నటితో వాడికి ముప్పైరెండు నిండాయి.
షాటు పోయింది. పాసు సగం పోయింది.
మొట్టమొదట పోసిన ఊపిరి మాత్రం
ఇంకా కొంచెం మిగిలినట్టుంది.
'తొంభయ్యో నిమిషం. వాంచ్యురా పరిగెత్తుతున్నాడు'
అని రాసింది తెర.
ఎటువైపో రాయలేదు.