కనుబొమ్మ నంబరు ఇరవై మూడు

మలక్‌పేట రైలు వంతెన కింద, వానలో,
గడియారాల గౌస్ సాబ్‌ను పొడిచి ఉరికినోణ్ణి
నేను చూసిన.
పార్లర్ షట్టర్ దించుతూ వంగిన కదా,
ఆ వంగినంత సేపే.

పదిహేడేళ్ళు పళ్ళ మధ్య దారం పట్టి
కనుబొమ్మలు తీర్చినదాన్ని.
మొహాల సంగతి నాకు తెలుసనే అనుకున్న.

ఠాణాలో కానిస్టేబుల్ భిక్షపతి
కంప్యూటర్‌ను నా దిక్కు తిప్పిండు.
"ముక్కు చెప్పమ్మా. ఇదా? ఇదా?"
మొహాల్లేని ముక్కులు.
ఎవరినీ చూడని కళ్ళు.
పెదవులే నూటా పన్నెండు జతలు, ఒక్కటీ మాట్లాడది.

ఉరుమును ఎవరన్న అక్షరాలుగా వింటరా సార్,
అందామనుకున్న.
చాయ్ తెప్పించిండు. ఓపికగలోడు, మంచోడు.
కనుబొమ్మ ఇరవై మూడు, అన్న.
జర ఒత్తుగ, అన్న. ఒత్తుగ చేసిండు.
దవడ ఇంత వెడల్పు లేదేమో అంటే
రెండు పక్కల చెక్కిండు.

రెండు గంటలకు ఒక మనిషి తయారై
రెప్ప కొట్టకుండ నన్ను చూసిండు.
"వీడేనా?"
"అట్లనే ఉన్నడు."
ఇంటికి పోవాలె, పిల్లకు జ్వరం.
అప్పటి మాట అది.

ఆ రాత్రి కళ్ళు మూస్తే
షట్టరు, వాన, నీళ్ళల్ల చెప్పుల చప్పుడు,
అన్నీ ఉన్నయి.
ఉరికే ఒంటి మీద మాత్రం
భిక్షపతి పెట్టిన తల.
తడవని తల.

దాన్ని తీసి చూద్దామంటే
కింద ఇంకోటి లేదు.

రెండు నెలలకు చంచల్‌గూడ జైల్ల పరేడు.
మెజిస్ట్రేటమ్మ ముందు పదిమంది మగోళ్ళు,
గడ్డాలు ఒక్క తీరు పెంచి.
"భయపడకు, బాగా చూడు," అన్నది.
నేను మనిషిని వెతకలే.
ఇరవై మూడును వెతికిన.
ఏడోవాడికి ఉన్నది.
భుజం మీద చెయ్యి పెడితే వణికిండు.
వణుకు లెక్కల్లకొస్తే
నా చెయ్యి గూడ వణికింది మరి.

గౌస్ సాబ్ దవఖానా నుంచి వచ్చి
ఒక్క చేత్తోనే గడియారాలు విప్పుతున్నడు.
"వెనకనుంచి పొడిచిండు బేటీ, నేను చూడలే.
నా తరఫున నువ్వు చూసినవ్."
ఏమీ అనకుండ సల్లబడ్డ చాయ్ తాగిన.

నిన్న ఒక కాలేజీ పిల్ల,
రెండు కనుబొమ్మలూ అయినంక
అద్దంల మొహం అటూ ఇటూ తిప్పుకొని
"ఆంటీ, ఇందాక ఎట్లుండె నావి?" అన్నది.

ఇప్పుడే కదా తీసిన.
వెంట్రుకలు ఇంకా నా ఒళ్ళోనే ఉన్నయి.