కౌంటర్ కన్నం

పెరంబూరులో పద్మరాగం టాకీసు ఉన్న రోజుల్లో
పదకొండేళ్లు టిక్కెట్లు కోసిచ్చాను.
ఇనప జాలీ, దాని కింద జానెడు కన్నం.
మొహాలు కనబడవు.
చేతులే వచ్చేవి.

మామూలు ఆటలకు చేతులు కేకలేసేవి,
ఒక్క గుప్పిట్లో నాలుగు కుటుంబాల డబ్బులు.
శనివారం పగటాటకు మాత్రం,
పోస్టరు మీద సగం కాగితం అంటించే ఆ ఆటకు,
మెల్లగా వచ్చేవి
డాక్టరు ముందు నాలుక చాపినట్టు.
సరిగ్గా రెండు రూపాయల తొంభై పైసలు.
చిల్లర కోసం నిలబడే ధైర్యం ఎవరికుంది?

రైలుపెట్టెల కార్ఖానా గ్రీజు చేతులు,
చాక్‌పీసు పొడి వదలని చేతులు,
ఒకసారి గాజుల చెయ్యి కూడా.
ఆమె లోపలికి వెళ్లాక గేటువాడు నవ్వాడు.
నేనూ నవ్వాను.
నలభై ఏళ్లయింది,
ఆ నవ్వు ఇంకా పళ్ల సందున ఇరుక్కునే ఉంది.

బొమ్మ మొదలయ్యాక తలుపు వారగా నిలబడి నేనూ చూసేవాణ్ణి.
అది చెప్పకపోతే ఇదంతా అబద్ధం.

టాకీసు పోయింది.
ఆ నేల మీద లేచిన అపార్టుమెంటులో
మేనల్లుడి వాటాలో ఉంటున్నాను.
నా మంచం ఉన్న చోటు, లెక్క ప్రకారం,
బాల్కనీ మూడో వరస.

నిన్న మేడ మీద మీటింగు.
నీళ్ల టాంకరు సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది.
మిగతా గంటంతా ఏలుమలై.
రాత్రి వాచ్‌మన్.
మూడింటప్పుడు ఫోన్లో ఏవో బొమ్మలు చూస్తున్నాడట
చెవిలో తీగ పెట్టుకుని, తన కుర్చీలో తను.
లిఫ్టు దిగిన కుర్రాడెవడో వీడియో తీశాడు,
అతను చూసేదాన్ని కాదు,
అతను చూస్తుండడాన్ని.
తెల్లారేసరికి నలభై ఇళ్లూ దాన్ని చూశాయి.
అలా చూడ్డం ఎవరికీ తప్పనిపించలేదు.

"ఆడపిల్లలు తిరిగే చోటు" అన్నారు.
దమయంతి టీచరు అడిగింది,
"ఆరేళ్లలో ఎవరి పిల్లనైనా అదోలా చూశాడా?"
లేదు.
"గేటు తియ్యడం మర్చిపోయాడా?"
లేదు.
"మరి?"
మరికి జవాబు రాలేదు.

భార్య తిండివనంలో ఉంది, ఒంటరివాడు, పాపం,
అని ఎవరో జాలిపడబోయారు.
జాలెందుకు?
ఇష్టమై చూశాడు.
వానలో మిరపకాయ బజ్జీ తిన్నంత ఇష్టంగా చూశాడు.
ఎవరి ప్లేటూ లాక్కోలేదు.

సెక్రటరీ అన్నాడు:
తీసెయ్యాలన్నవాళ్లు చేతులెత్తండి.

చేతులు.
మళ్లీ చేతులు.
వాటిలో ఒకటి నాకు తెలుసు.
లోపలికి వంగిన చిటికెన వేలు,
మణికట్టు మీద చింతగింజంత కాలిన మచ్చ.
రెండేళ్లపాటు ప్రతి శనివారం
నా కన్నంలో తొంభై పైసలు వేరుగా పేర్చిన చెయ్యి.
ఇప్పుడు అందరికంటే ఎత్తున ఉంది.

నోటిదాకా వచ్చింది.
కానీ కన్నానికి ఇవతల కూర్చున్నవాడికీ
ఒక ధర్మం ఉంటుంది,
చిల్లర తిరిగిచ్చెయ్యడం లాంటిది.

అందుకని నా సంగతే చెప్పాను.
"ఈ నేల మీదే, తలుపు వారగా నిలబడి
పదకొండేళ్లు చూశాను.
మీ పిల్లలంతా నన్ను తాతా అంటున్నారు."

ఎవరో దగ్గారు.
మేనల్లుడు కాలి చెప్పు వైపు చూసుకున్నాడు.
ఆ చెయ్యి
జుట్టు సర్దుకోడానికే పైకి లేచినట్టు
తల మీద కాసేపు ఆగి
జేబులోకి పోయింది.

తీర్మానం వచ్చే ఆదివారానికి వాయిదా.

రాత్రి మూడింటికి నిద్ర పట్టక కిందికి దిగాను.
ఫోను తొడ మీద బోర్లించి
ఏలుమలై వీధి దీపాన్ని చూస్తున్నాడు.
పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
"మొన్నటి బొమ్మ బాగుందా?"

ముందు లేచి నిలబడబోయాడు.
నా మొహంలోకి చూశాడు, చాలాసేపు.
తర్వాత మెల్లగా అన్నాడు,
"సుమార్, తాతా."