ఆగిన చోట్లు

మొదటిసారి మర్రిపూడి దాటాక ఆగింది.
దగ్గలేదు, తుమ్మలేదు,
మాట మధ్యలో కరెంటు పోయిన రేడియోలా
ఉన్నట్టుండి ఊరుకుంది.
చక్రాలకు మాత్రం ఆ కబురు అందక
ఇంకాస్త దూరం వాటి దారిన అవి నడిచాయి.

తొంభై ఆరు మోడల్ మారుతి.
ఒకప్పుడు తెలుపు,
ఇప్పుడు బ్యారన్‌లో రెండో రోజు ఆకు రంగు.
బానెట్ ఎత్తి, తెలిసినవాడిలా అన్నీ చూసి
తెలియనివాడిలా మూసేసి
తాళంచెవి తిప్పితే
ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

పొదిలిలో కాలేషా మేస్త్రీ అడిగినన్ని ప్రశ్నలు
ఆసుపత్రిలో కూడా అడగరు.
"వేడి మీద ఆగిందా, చల్ల మీదా?
ఆగేముందు గుంజిందా, టపీమని సచ్చిందా?
ట్యాంకులో ఎంతుంది?
డాష్‌బోర్డు లైట్లు కూడా పోయినయ్యా?"
ఆ చివరిది నేను చెవిన పెట్టలేదు.
పట్టపగలు లైట్లెవరు చూస్తారు మేస్త్రీ, అన్నాను.

కాయిల్ మార్చాడు.
కొండపి వేలం కేంద్రం ముందు ఆగింది,
వెనక బేళ్ళ లారీవాడు
హారన్‌తోనే నా వంశాన్ని తిట్టాడు.
డెల్కో విప్పి గీకి బిగించాడు.
వాగు చప్టా మీద ఆగింది.
కార్బురేటర్‌ను నోటితో ఊదాడు,
ఫిల్టర్ పారేశాడు,
"గాలాడకపోతే పెట్రోలు దిగదబ్బాయా" అని
ట్యాంకు మూతకి సూదితో బెజ్జం చేశాడు.
నాలుగు రోజులు బాగానే తిరిగి,
అయిదో రోజు
సరిగ్గా అతని షెడ్డు ముందున్న గతుకులోనే ఆగింది.
అతను స్పానరు కింద పెట్టి
బీడీ ముట్టించుకున్నాడు.
ఇద్దరం కారు వంక
అప్పు ఎగ్గొట్టిన బావమరిదిని చూసినట్టు చూశాం.

వెనక సీట్లో చెంచమ్మ ఉంది.
ఆకు గ్రేడింగుకు రోజూ నాతోనే వస్తుంది.
కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి
ఏ ఆకు ఏ రకమో చెప్పే మనిషి.
"కారు ఎగిరినప్పుడల్లా ఆగతందయ్యా," అంది.
"ఆ తాళాల గుత్తి చూడు,
ఈనిన గేదె పొదుగు మాదిరి ఏలాడతంది."

కాలేషా బీడీ పారేశాడు.
కిటికీలోంచి చెయ్యి పెట్టి
గుత్తిని ఒక్క వేలితో కిందికి లాగాడు.
ఇంజను ఆగింది.
డాష్‌బోర్డు లైట్లు కూడా.

అరచేతిలో పెట్టి తూచినట్టు చూశాడు.
మూడు బ్యారన్‌లవి,
గ్రేడింగు గదిది, మోటారు షెడ్డుది,
అమ్మి ఎనిమిదేళ్ళయిన లూనాది,
దేనివో నాకే తెలియనివి రెండు,
ఒకటి పెద్దది, ఇత్తడిది.
మాలకొండయ్యతో పొత్తున కట్టిన బ్యారన్ తాళం.
పొత్తు పోయింది.
ఆ ఏటి తుఫానుకు గోడా పోయింది.
తాళంకప్ప ఏ మట్టిలో ఉందో
మా ఇద్దరిలో ఎవరూ వెతకలేదు.

"స్విచ్చి అరిగిందిలే," అన్నాడు కాలేషా,
నా మొహం చూడకుండా, తన మొహం చూపించకుండా.
"ఇన్నేళ్ళు ఈ బరువు మోసింది గదా.
కొత్తది ఒంగోల్లో దొరికిద్ది.
అందాకా ఒంటి తాళంతో తిప్పు."
కాయిల్ డబ్బుల సంగతి నేనెత్తలేదు,
టీ డబ్బులు అతనే ఇచ్చాడు.

తిరుగుదారిలో కావాలనే
ప్రతి గతుకులోకీ దింపాను.
ఆగలేదు.
చప్టా మీద కూడా.
స్టీరింగు కింద ఆ ఒక్క తాళంచెవి
పెళ్ళివారు వెళ్ళిపోయాక మిగిలిన వంటమనిషిలా
తేలిగ్గా, ఏదో తోచనట్టు ఉంది.
మోకాలికి తగిలే చప్పుడు లేక
ఇంజను మోత కొత్తగా వినపడుతోంది.

గుత్తి చెంచమ్మ ఒళ్ళో ఉంది.
ఒక్కో తాళాన్నీ ఆకులా తడుముతూ వేరు చేస్తోంది,
ఇది బ్యారన్‌ది, ఇది మోటారుది,
ఇది పనికిరాదు.
పెద్దదాని దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి.
"ఇది దేనిదయ్యా?"

ముందు స్పీడ్ బ్రేకర్ ఉంది.
గేరు మార్చాను.