అచ్చు కలవని వారం

రోహిణి కార్తె. నెల్లూరు, ఆచారి వీధి,
మిద్దె మీద రేకుల గది.
బ్లేడు ఇంకా పెట్టనేలేదు,
నా రబ్బరు అచ్చు పొరలు పొరలుగా
తడిసిన పుస్తకంలా తెరుచుకుంటోంది.

ఈ వారంలో ఐదోది.
కావలి షాపుకి నలభై పాపిడి బిళ్లలు పోవాలి.

మొదట కరెంటును తిట్టుకున్నాను.
పదిన్నరకు పోయి పదకొండుకు వచ్చింది,
సగం ఉడికిన రబ్బరు
బెల్లం పాకంలా వేలికి సాగింది.
ఆ తప్పు నాదే,
ఆగిన నిమిషాలు లెక్కలో కలపలేదు.
తర్వాత మిషను ముల్లు మీద అనుమానం.
కింద బేకరీలో రఫీని అడిగి థర్మామీటరు తెచ్చి పెట్టాను.
నూట యాభై. పాపం, ముల్లు అబద్ధమాడలేదు.

ఒకదాంట్లో బుడగలు.
బిళ్ల వెనక, ముత్యాలు కూచునే గుంటల్లో
గాలి దాక్కుంది.
రబ్బరును మెంతిగింజలంత తుంపులు చేసి
పుచ్చిపన్ను పూడ్చినట్టు సూదితో కూరాను,
ఫ్రేముకంటే రొంత ఎత్తుగా పేర్చి బిగించాను.
బుడగలు పోయాయి.
పొరలు మాత్రం కలవలేదు.

మౌనాచారి మామ మెట్లెక్కి వచ్చి
అచ్చును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
చూపు తగ్గింది, ముక్కు తగ్గలేదు.
"పాత సరుకా?"
పోయిన నెలదే మామా.
"చేతికి నూనేమన్నా?"
సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి చూపించాను.
"తలకు?"
శుక్రవారం నుంచి తలకు చుక్క పెట్టలేదు.
"మరేంది మే" అని స్టూలు లాక్కున్నాడు.
"మా రోజుల్లో నగ చెడితే
నా చేతిని తిట్టుకునేవాణ్ణి.
మీకు ఇంతమంది దోషులు."

ఎదురు బల్ల తపన్‌ది. మేదినీపూర్ నుంచి వచ్చి పదేళ్లు.
నా అచ్చుల్లో మైనం కొట్టేది అతనే.
చెక్కకు మైనం అంటకుండా
పౌడరు మూటతో టప్ టప్ మని తడతాడు.
ఫ్యాను అతనికి కావాలి, నాకొద్దు.
నెల రోజులుగా మా మధ్య మాటంటే అదొక్కటే.

మూడు గంటలకు కిటికీ ఎండ ఏటవాలుగా పడింది.
అప్పుడు కనపడింది:
అతని మూట దగ్గర లేచి,
ఫ్యాను కింద ఒక చుట్టు తిరిగి,
తీరిగ్గా నా బల్ల మీదికి,
అప్పుడే పైకాగితం ఒలిచిన నా రబ్బరు మీదికి
దిగుతున్న తెల్లటి నలుసు.

అతనికి పని జరిగేది దాంతోనే.

లేచి ఫ్యాను ఆపాను.
తపన్ కయ్యానికి నోరు తెరిచాడు.
నేను ఎండలోకి వేలు చూపించాను.
మామకు కనపడదు,
"ఏందబ్బా, ఏంది?" అంటూనే ఉన్నాడు.
మేమిద్దరం చాలాసేపు
ఆ దుమ్ము వైపే చూస్తూ నిలబడ్డాం.
తపన్ మూటను డబ్బాలో పెట్టి మూత బిగించాడు.
"దీదీ, రొంత జరుగు" అని
తన బల్లను తనే తలుపవతలికి ఈడ్చుకున్నాడు.

ఆరోది దీపాలవేళకు దిగింది.
చల్లారాక అంచంతా గోటితో గీరాను.
ఏ పొర ఎక్కడ మొదలైందో దొరకలేదు.

బ్లేడు తీసుకున్నాను.
ఇప్పుడు దీన్ని కోయాలి,
తిన్నగా కాదు, అలలు అలలుగా,
నాలుగు మూలలా బొడిపెలు నిలిపి,
మళ్లీ మూసినప్పుడు
ఏ సగం చోటు దానికి గుర్తుండేట్టు.