పద్దు నలభై ఏడు

ఆదోని మున్సిపల్ ఆఫీసు మేడమీద
కౌన్సిల్ హాల్లో ఐదు ఫ్యాన్లు, తిరిగేవి రెండు.
తిరగనిదాని కింద నా కుర్చీ.
ఎవరేం మాట్లాడినా మినిట్స్ బుక్కులో రాయాల,
తిట్లు మాత్రం వదిలెయ్యాల.
అందుకే నా పుస్తకంలో
మా ఊరు శానా మర్యాదస్తుల ఊరు.

ఈసారి పేచీ పద్దు నలభై ఏడు దగ్గర:
బయటి కూలీల గుర్తింపు దళం, పద్దెనిమిది లక్షలు.
అది లేకుంటే బడ్జెట్టుకు చెయ్యెత్తమని వీళ్లు,
ఉంటే ఎత్తమని వాళ్లు.
ఏప్రిల్‌లో తేలాల్సింది కార్తీకం దాకా ఈడ్చింది.
వీధి దీపాలు ఆగినాయి. ట్యాంకర్లు ఆగినాయి.
చెత్తబండి తోసే హుసేనమ్మ జీతం ఆగి నాలుగు నెలలు,
నాది మూడు.
దళం జీపు ఒక్కటే ఆగలే.
దానికి డీజిలు వేరే పద్దులోంచి వచ్చిందంట.
ఆ సంగతి ఎవరో అడిగినప్పుడు
మైకు పనిచెయ్యలే.

"మన నీళ్లు, మన కరెంటు, మన పిల్లోళ్ల పనులు"
బల్ల గుద్దినాడు పన్నెండో వార్డు.
"జిన్నింగు మిల్లు దుమ్ము నీ కొడుకు మింగుతాడా?"
లేచింది ఇరవై ఒకటో వార్డు ఖైరున్నీసా.
"ఓట్ల కోసం నువ్వు..."
ఇక్కడ రెండు మాటలు రాయలే.
"ముందు టీ తెప్పించండప్పా" అన్నారు చైర్మన్.
టీ అంగడాయన పాత బాకీ అడిగినాడు.
దాని గురించి సభ్యులు
ఏకగ్రీవంగా మాట్లాడలేదు.

మరుసటి రోజు నన్నే దళం వెంట పంపినారు,
చేతిరాత బాగుందని.
ఎమ్మిగనూరు రోడ్డులో మిల్లు వెనక రేకుల షెడ్లు.
కనుబొమలకు దూది నూగంటుకొని
ఇరవై ఏళ్లోళ్లంతా ముసలోళ్ల మాదిరి నిలబడినారు.
బలంగీర్ నుంచి వచ్చినారంట.
ఫారం ఎట్ల నింపాలో
నమూనా ఒకటి చెయ్యమన్నాడు దళం పెద్ద.
చేతికొచ్చిన పేరు నాదే.
బోయ ఉరుకుందప్ప.
తల్లి తిక్కమ్మ. సొంతూరు కోసిగి.
పుట్టినచోటు...

పెన్ను ఆడనే నిలబడింది.
అమ్మ సుగ్గికి పోయిన ఏడు
గుంటూరు పక్క ఏదో మిరపచేను గట్టున
పట్టల గుడిసెలో పుట్టినా నేను.
ఆ ఊరి పేరు అమ్మకు గుర్తులే.
ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోని వేళ్లు
నా కండ్లకు తగులుతాయని
మూడు దినాలు మోచేతులతో ఎత్తుకున్నది గుర్తు.
నోటు పుస్తకం పట్టుకొని ఒకాయన వచ్చి
ఎప్పుడొచ్చినారు, ఎప్పుడు పోతారు
అని అడిగింది గుర్తు.
ఇప్పుడు నా చేతిలో కాగితం మీద
నాలుగో గడిలో అదే మాట, అచ్చు అక్షరాల్లో.

వరుసలో మొదట నిలబడినామె
రిజిస్టరు చూసి కూలి పంచేదనుకున్నట్టుంది.
సిరా పెట్టెలో తానే బొటనవేలు అద్ది
ముద్ర ఏసి, చెయ్యి చాపింది.
చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.
ఆ చేతిలో ఏం పెట్టాలో
నలభై ఏడులో లేదు, నలభై ఎనిమిదిలో లేదు.
దళం పెద్ద జీపులో కూర్చొని
ఉగ్గాని, బజ్జీ తింటున్నాడు.

నా నమూనా కాగితం
నాలుగొందలు జిరాక్సు తీయించినారు, అప్పుమీద.
ఇప్పుడు ఏ మిల్లు గేటు చూసినా గోడకు నేనే ఉన్నా:
బయటి కూలీ, బోయ ఉరుకుందప్ప,
పుట్టినచోటు ఖాళీ.
పన్నెండో వార్డు చూసి నవ్వినాడు,
"ఏమప్పా, నిన్ను ఎప్పుడు పంపిస్తారు?"
అది తిట్టో కాదో తేలక
రాసి, కొట్టేసి, మళ్లీ రాసినా.

సభ ఐదోసారి వాయిదా.
పొద్దున ఆఫీసుకొస్తావుంటే
పెద్దహరివాణం పక్కనుంచి బొలేరోలు ఎదురైనాయి.
జొన్నల మూటలు, బిందెలు, ఒక మేకపిల్ల,
పలక సంచీ నెత్తిన పెట్టుకున్న ఆడపిల్ల.
మావోళ్లే, సుగ్గికి.
వీళ్లు పోయేదానికి పద్దు లేదు, పేచీ లేదు,
చెయ్యెత్తేది లేదు.
దుమ్ములో నిలబడి లెక్కబెట్టినా.
పదహారు బండ్లు.
మినిట్స్ బుక్కు అంచున రాసి పెట్టినా.
తిట్టు కాదు గదా,
ఉండనీలే.