తిరుగు పడవ

మా ఊరి పేరు పోర్వెనీర్.
రాబోయే కాలం అని దానర్థం.
వచ్చేదేదైనా జలసంధి దాటి
గురువారం పడవ మీదే వస్తుంది.

ఆసుపత్రి సరుకుల గది తాళం నా దగ్గర.
పెట్టెలు దించుకుంటాను, సంతకం పెడతాను.
పెట్టెలో సంచి, సంచిలో కవరు, కవరులో కాగితం,
ఉల్లిపొరలన్నీ ఒలిచాక
ఒక చిన్న కత్తెర.
ఒక్కసారి కత్తిరించి చచ్చిపోయే కత్తెర.

హెర్నియా కట్ట విప్పితే ఇరవై ఆరు వస్తువులు.
ఆపరేషనయ్యాక గ్లవుజులు తొడుక్కుని నేనే లెక్కపెట్టాను:
వాడినవి పదకొండు.
మిగతా పదిహేనూ
పెళ్లిపందిట్లో పలకరింపుకు నోచని చుట్టాల్లా
కూర్చుని కూర్చుని
నెత్తుటి గుడ్డలతో పాటే పసుపు సంచిలోకి.
సంచి మళ్లీ గురువారం పడవలోకి.
అదే కెప్టెన్, అదే తాడు.
రానూ బాడుగే, పోనూ బాడుగే.

ఆ నవంబరులో గాలి లేచింది.
మా దగ్గర గాలికి పేరు పెట్టరు,
అది ఇంట్లో మనిషే.
తొమ్మిది రోజులు పడవ లేదు, విమానమూ ఎగరలేదు.
వెనక షెడ్డులో సంచులు గుట్టపడ్డాయి.
ఏడో రోజుకి నీలం కాగితపు గౌన్లు నిండుకున్నాయి.
ఎనిమిదో రోజు
గొర్రెల కాపరి యెర్కో మిలోవిచ్‌ని
కడుపు పట్టుకుని కొడవలిలా వంగిపోయినవాణ్ణి
ట్రక్కు వెనక వేసుకొచ్చారు.

లాండ్రీ ఎదువీనా బర్రియా ఏమీ అనలేదు.
బాయిలరు పైన అల్మరా తెరిచింది.
ఆకుపచ్చ నూలు గౌన్లు,
మడతల మీద ఇరవై ఏళ్లు గీతలుగా నిలిచి.
"పారేయమన్నారు. పారేశాననే చెప్పాను."
మోచేతి దగ్గర మాసిక, భుజం దగ్గర మాసిక,
చీమలబారు లాంటి కుట్టు.
ఉతికాం. ఆవిరి యంత్రం బుసకొట్టింది.
డాక్టరు ద్రాగ్నిచ్ ఒక్కో గౌనూ
దీపానికి అడ్డం పట్టి చూసింది.
రెండు పనికిరావంది. నాలుగు చాలంది.

యెర్కో బతికాడు. ఇది అతని కథ కాదు.

గాలి తగ్గాక ఒక నోటుబుక్కు కొన్నాను.
వచ్చింది, విప్పింది, వాడింది: మూడు గళ్లు.
మూడో గడి ఎప్పుడూ బక్కచిక్కే ఉంటుంది.
కట్టలు పంపే కంపెనీకి రాశాను:
ఆ పదిహేనూ విడిగా పెట్టండి, అడిగితే విప్పుకుంటాం.
మూడు నెలలకి జవాబు, దళసరి కాగితం మీద:
పరిశీలిస్తున్నాం.

పుంతా అరేనస్ నుంచి వచ్చిన అధికారి అన్నాడు:
"గుడ్డంటే ఉచితం కాదమ్మా,
నీళ్లు, సబ్బు, గ్యాసు, ఎదువీనా నడుం."
నిజమే. నాలుగో గడి గీశాను.
నడుం నొప్పిని ఏ కొలతలో రాయాలో తెలియక
అక్కడ మాత్రం ఖాళీ వదిలాను.
ఆమె కంటికి దారం ఆనడం లేదిప్పుడు.
పొద్దున్నే వెళ్లి పది సూదులకు ఎక్కించి వస్తున్నాను.

ఇంజెక్షన్ సూదికి రెండో జన్మ లేదు, ఉండకూడదు కూడా.
కానీ సక్షన్ యంత్రం అడిగింది ఒక రబ్బరు బెల్టునే,
మరో సక్షన్ యంత్రాన్ని కాదు.
చేపల పడవలు బాగుచేసే కుర్రాడు
బెల్టు వేసి, రెండు పరీక్షలు చేయించి,
కాఫీ తాగి వెళ్లాడు.
గడువు దగ్గరపడ్డ సెలైన్లను
ముందు వరుసలోకి జరుపుతాను:
ముందొచ్చినదానికి ముందు మోక్షం.

నిన్న కెప్టెన్ అరిచాడు రేవు మీంచి:
"నాలుగేనా సంచులు? పదమూడు వేసేదానివి!
ఇలాగైతే నా బాడుగ ఏం కాను?"
నవ్వాను. అతనూ నవ్వాడు,
సగం నవ్వు గాలి ఎత్తుకుపోయింది.

ఆ నాలుగో సంచిని మాత్రం
నిద్రలో కూడా
విప్పి విప్పి చూస్తున్నాను.